కొండ గ్రామంలో భూమి – కొనదలచినవారు తెలుసుకొనవలసిన సంగతులు

నరసన్నపేట నుండి వంశధార దాటి, వాయవ్యంగా పాలకొండ మీదుగా ప్రయాణం చేసేవారికి సీతంపేట కొండలు ఎదురవుతాయి. మన పట్టణపు వర్తకులకు ఆ కొండలు కొత్తవి కావు. బట్టలు, గిన్నెలు, ఉప్పు, ఎండుచేపలు మూటగట్టుకొని అక్కడి వారపు సంతలకు వెళ్ళి, చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అనాసపండ్లు తెచ్చుకొనే కుటుంబాలు మనలో తరతరాలుగా ఉన్నాయి. అట్లు వెళ్ళి వచ్చేవారిలో పలువురికి ఒక ఆలోచన కలగడం సహజమే. "మైదానంలో సెంటు భూమి కొనలేని సొమ్ముతో అక్కడ ఎకరం వస్తుంది గదా, ఒక తోట కొని పెట్టుకుంటే పిల్లల చదువులకు అక్కరకు రాదా?" అన్నదే ఆ ఆలోచన.

మేమెరిగిన ఒక చిన్న వర్తకుడు ఈ ఆలోచనను ఆచరణలో పెట్టాడు. తన సంతదుకాణంలో మూటలు మోసే సవర యువకుని పేరున రెండెకరాల జీడిమామిడి తోట కొన్నాడు. సొమ్ము వర్తకునిది, సంతకం ఆ యువకునిది. పదునాలుగేళ్ళు ఫలసాయం ఇద్దరూ పంచుకున్నారు. ఆ యువకుడు జ్వరంతో మరణించిన తరువాత అతని కుమారులు, "తోట మా తండ్రి పేరున ఉన్నది గదా" అన్నారు. వారు అబద్ధమాడలేదు. వర్తకుడు న్యాయవాది వద్దకు వెళ్ళగా, ఆయన కాగితాలు చూచి, "మీరు కోర్టుకు వెళ్ళకపోవడమే మేలు" అన్నాడట. ఎందుకట్లు అన్నాడో తెలియాలంటే కొంత వెనుకటి చరిత్ర చెప్పుకోవాలి.

గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండప్రాంతాలను ఆంగ్ల ప్రభుత్వం 1839 నాటి చట్టంతో సామాన్య న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి ఏజెంటు పాలన క్రింద ఉంచింది. ఏజెన్సీ అన్న పేరు అట్లు వచ్చినదే. కొండవారి భూములు మైదానపు వడ్డీ వ్యాపారుల చేతికి పోవడం అప్పటికే సాగుతున్నది. ఆ పద్ధతి చాలా సరళమైనది. విత్తుల కాలంలో షావుకారు కుంచాలతో గింజలు కొలిచి అప్పిస్తాడు. పంటకాలంలో అంతకు రెట్టింపు కొలిపించుకుంటాడు. ఒక ఏడు వాన తప్పితే అప్పు మిగులుతుంది, మరొక ఏడు తప్పితే పల్లపు భూమి షావుకారు పాలవుతుంది, గిరిజనుడు తన పొలంలోనే పాలేరుగా మిగులుతాడు. దీనిని అడ్డుకొనడానికి 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీపై ఒక చట్టం చేసింది. కాగితంపై అది బాగుగనే ఉన్నది. అమలు మాత్రం అంతంతమాత్రమే.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం అయిదవ షెడ్యూలు క్రింద ఈ ప్రాంతాలు షెడ్యూల్డ్ ప్రాంతాలైనాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఫలసాయం కొనడం, నిత్యావసర వస్తువులు అమ్మడం ఆరంభించింది. 1959లో ఒకటవ రెగ్యులేషన్ వచ్చింది. అయినను అసంతృప్తి చల్లారలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పులలో మరణించడం, దరిమిలా శ్రీకాకుళ పోరాటం ప్రజ్వరిల్లడం మన జిల్లావాసులందరికీ తెలిసిన చరిత్ర. ఆ మంట రేగుతుండగనే, 1970 ఫిబ్రవరిలో, 1959 నాటి రెగ్యులేషన్‌ను కఠినతరం చేస్తూ సవరణ వెలువడింది. అందరి నోట "1/70 చట్టం"గా పలుకబడేది ఇదే.

ఇందులోని ముఖ్యాంశాలను మన వర్తక కుటుంబాలవారు శ్రద్ధగా గమనించాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనుడు గాని, గిరిజనేతరుడు గాని, గిరిజనునికి లేదా గిరిజనులే సభ్యులుగా గల సంఘానికి తప్ప మరెవ్వరికీ బదిలీ చేయరాదు. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మడం కూడ చెల్లదు. ఈ రెండవ నిషేధమే చాలామందికి తెలియదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి అన్నీ అందులోనివే. సంతవీధిలో కొట్టుగది అద్దెకు తీసుకొనడం కూడ కౌలు అన్న మాట క్రిందికి వస్తుందని చెబితే మా మిత్రులు కొందరు నమ్మలేకపోయారు. అంతేకాదు, అక్కడ గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న స్థిరాస్తి గిరిజనుని వద్ద నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించే భారం స్వాధీనంలో ఉన్నవానిదే. ఇట్టి భూమి నుండి అనుభవదారుని తొలగించి, అసలు హక్కుదారునికి గాని అతని వారసులకు గాని తిరిగి అప్పగించే అధికారం అధికారులకు కలదు. 1978 నాటి సవరణతో జైలుశిక్ష సైతం చేరింది. గిరిజనేతరుడు తన పాత భూమిని అమ్మదలచి, కొనే గిరిజనుడు దొరకకపోతే, ప్రభుత్వానికి అప్పగించి పరిహారం పొందడమొక్కటే దారి.

ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని వాదించినవారు లేకపోలేదు. సుప్రీంకోర్టు 1988లో ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. 1997లో సమత అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో మరొక అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం సైతం షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని గిరిజనేతరులైన గనుల యజమానులకు కౌలుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. ప్రభుత్వానికే లేని వెసులుబాటు సంతకు వెళ్ళే వర్తకునికి ఎక్కడిది?

ఇట్టి నిబంధన మన దేశానికే ప్రత్యేకం కాదు. ఇండోనేషియాలో 1960 నాటి మౌలిక భూచట్టం ప్రకారం భూమిపై సంపూర్ణ స్వామ్యం ఆ దేశ పౌరులకే చెందుతుంది. విదేశీయునికి దక్కేది పరిమిత కాలపు వినియోగ హక్కు మాత్రమే. బాలి ద్వీపంలో విదేశీయులు స్థానికుల పేర భూములు కొని, ఆ స్థానికుడో అతని వారసులో కాదన్నప్పుడు దిక్కుతోచక నిలబడిన సందర్భాలు కలవు. అక్కడి మారుమూల పల్లెలలో చాలా భూములకు ఆచార సమ్మతమైన హక్కు తప్ప ప్రభుత్వ ధ్రువపత్రం ఉండదు. పన్ను కట్టిన పాత చీటీనే పత్రంగా చూపుతారు. మన కొండలలో శిస్తు రసీదును పట్టాగా భావించే అలవాటును ఇది తలపిస్తుంది. ఒక్క భేదమున్నది. అక్కడ విదేశీయునికి చేసిన అక్రమ బదిలీ రద్దయితే భూమి ప్రభుత్వానికి పోతుంది. ఇక్కడ అది గిరిజనునికే తిరిగి చేరుతుంది. మన పద్ధతియే న్యాయసమ్మతమని మా అభిప్రాయం.

అయితే భూమి చేతిలో ఉన్నంత మాత్రాన గిరిజనుని బ్రతుకు సుఖమైనదని అనుకోరాదు. పల్లపు మడి ఉన్నవాడు వరి పండిస్తాడు. లేనివాడు కొండవాలున పోడు కొట్టి చోళ్ళు, సామలు, కందులు చల్లుతాడు. జీడిమామిడి, అనాస తోటలు కొంత రొక్కం తెస్తున్నాయి గాని, బేరం నిర్ణయించేది క్రింది నుండి వచ్చిన కొనుగోలుదారే. అనాస నిలువ ఉండే పండు కాదు. సాయంకాలం కావిడితో వెనుకకు మోసుకుపోలేక అడిగిన ధరకే ఇచ్చివేయడం మేము కన్నులారా చూచినదే, ఆ కొనేవారిలో మనవారూ ఉన్నారు. రోడ్డు లేని గూడెంలో జబ్బు చేస్తే డోలీయే వాహనం. 2007 నుండి ఒడిశా వైపు నుండి దిగివస్తున్న ఏనుగుల మందలు పంటలను త్రొక్కి పోతున్నాయి.

పోడు భూములకు చిరకాలం ఏ పత్రమూ లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చిన తరువాతనే, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు పత్రం ఇచ్చే ఏర్పాటు జరిగింది. భార్యాభర్తలిద్దరి పేరున వచ్చే ఆ హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది, కాని అమ్మడానికి వీలు లేదు. కనుక "పోడు పట్టా అమ్మకానికి ఉన్నది" అని ఎవరైనా చెబితే ఆ మాట వినవలసిన పని లేదు.

మరొక మెలిక ఉన్నది. గిరిజనులు నివసించే ప్రతి గ్రామమూ షెడ్యూల్డ్ గ్రామం కాదు. ఒకే కొండ పాదాన ఒక గ్రామం జాబితాలో ఉండి, ప్రక్క గ్రామం లేకపోవచ్చును. జాబితాలో లేని గ్రామాలకు 1/70 రక్షణ వర్తించదు. అక్కడి గిరిజనులు తమ గ్రామాలను చేర్చమని చిరకాలంగా కోరుతున్నారు. దళారులు ఈ భేదాన్ని ఆధారం చేసుకొని, షెడ్యూల్డ్ గ్రామపు భూమిని కూడ "ఇది బయటి గ్రామమే" అని చూపుతారు. గ్రామం పేరును రెవెన్యూ కార్యాలయంలో స్వయంగా విచారించనిదే ఒక్క రూపాయి బయానా ఇవ్వరాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గనుక, శ్రీకాకుళంలో విచారించి తిరిగి రావడం వృథా ప్రయాస.

ఆ కొండలతో మన సంబంధం భూమి ద్వారానే ఉండనక్కరలేదని గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం చూపుతుంది. 1863లో మన జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చి, వ్యాకరణమూ నిఘంటువూ వ్రాశారు. సంతకు వెళ్ళే మన పిల్లలలో నేడు సవర మాట నాలుగు ముక్కలు వచ్చినవారెందరు?

మొదట చెప్పిన వర్తకుడు కోర్టుకు వెళ్ళలేదు. ఆ కుమారులు ఏటా జీడిపిక్కల కాలంలో రెండు బస్తాలు అతని దుకాణానికి తెచ్చి సంతధరకే అమ్ముతున్నారు. అతడు తూకం వేసి, ఆ ధరయే చెల్లించి తీసుకుంటున్నాడు.