చిప్ కొన్నాక కూడా సర్క్యూట్ మార్చేయొచ్చు.. ఎఫ్‌పీజీఏ అంటే ఏంటి? బోర్డు కొనకుండా నేర్చుకోవచ్చా?

గార్లదిన్నె రైతుకు ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. చీనీ తోట పెడితే ఏళ్ల తరబడి ఆ నేలలో అదే పంట. వేరుశనగ చేనైతే వచ్చే సీజన్‌కు కందో, జొన్నో వేసుకోవచ్చు. చిప్‌లలోనూ ఇలాంటి రెండు రకాలున్నాయి. ఫ్యాక్టరీలో తయారయ్యాక ఇక మార్చలేనివి కొన్ని. కొన్న తర్వాత కూడా లోపలి సర్క్యూట్‌ను తిరగరాసుకునేవి మరికొన్ని. వీటినే ఎఫ్‌పీజీఏ అంటారు.

లోపల ఏముంటుంది?

ఫోన్‌లో యాప్ మారినా ప్రాసెసర్ సర్క్యూట్ మారదు. ఎఫ్‌పీజీఏలో సర్క్యూటే మారుతుంది. చిన్న చిన్న లాజిక్ బ్లాకులు, వాటి మధ్య వైర్లు, ఆ వైర్లను కలిపే స్విచ్‌లు ఇందులో ఉంటాయి. 'ఈ ఇన్‌పుట్ వస్తే ఈ జవాబు ఇవ్వు' అని చెప్పే పట్టిక ఒక్కో బ్లాకులో ఉంటుంది. పట్టికలు, స్విచ్‌లు మారిస్తే కొత్త సర్క్యూట్ రెడీ.

1985లో జైలింక్స్ సంస్థ తెచ్చిన ఎక్స్‌సీ2064లో ఉన్న బ్లాకులు 64 మాత్రమే. ఇప్పటి పెద్ద చిప్‌లలో లక్షల్లో ఉంటాయి. ఈ సంస్థను 2022 ఫిబ్రవరిలో ఏఎండీ కొనేసింది. దీని ఇంజినీరింగ్ సెంటర్ హైదరాబాద్‌లోనూ ఉంది.

అంగారకుడిపైనా ఇదే

2021 ఫిబ్రవరిలో అంగారకుడిపై దిగిన నాసా పర్సెవరెన్స్ రోవర్‌లోనూ ఎఫ్‌పీజీఏ ఉంది. దిగేటప్పుడు కెమెరా ఫొటోలను మ్యాప్‌తో పోల్చడానికి అది సాయపడింది. దిగాక అదే చిప్‌ను తిరగరాసి, రోవర్ దారి చూసుకునే పనికి వాడారు. అంత దూరం వెళ్లి చిప్ మార్చడం కుదరదు కదా!

అయితే లక్షల్లో ఒకే వస్తువు తయారు చేయాలంటే మార్చలేని చిప్ చవక. కరెంటూ తక్కువే తీసుకుంటుంది.

అసలు పని టూల్స్‌దే

ఇంజినీర్ ముందుగా వెరిలాగ్ లేదా వీహెచ్‌డీఎల్ భాషలో సర్క్యూట్ రాస్తాడు. దాన్ని టూల్ లాజిక్‌గా మారుస్తుంది. ఏ ముక్క ఏ బ్లాకులో కూర్చోవాలి, ఏ వైరు ఎటు పోవాలి అన్నది తేలుస్తుంది. చివర్లో చిప్‌లోకి ఎక్కించే ఫైల్ ఇస్తుంది. పెద్ద డిజైన్‌కు ఇందుకు గంటలు పడుతుంది.

డబ్బుల్లేకపోతే ఎలా?

ఏఎండీ వివాడో టూల్‌కు ఉచిత వెర్షన్ ఉంది. కానీ ఇన్‌స్టాల్ చేయాలంటే పదుల జీబీలు కావాలి. మొబైల్ డేటాపై ఆధారపడే ఊళ్లలోని ఈసీఈ విద్యార్థులకు అది భారమే. అలాంటివారు ఐకారస్ వెరిలాగ్, జీటీకేవేవ్‌తో మొదలుపెట్టొచ్చు. రెండూ ఉచితం, సైజు చిన్నది, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తాయి. రాసిన సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో బోర్డు లేకుండానే చూపిస్తాయి. యోసిస్, నెక్స్ట్‌పీఎన్ఆర్ అనే ఉచిత టూల్స్‌తో లాటిస్ కంపెనీ చిన్న చిప్‌లకు ఫైల్ కూడా తయారు చేసుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం మరవొద్దు. స్క్రీన్‌పై సరిగ్గా నడిచిన డిజైన్ బోర్డుపై నడుస్తుందన్న గ్యారంటీ లేదు. సిగ్నల్ సమయానికి చేరకపోతే జవాబు తప్పుతుంది. అందుకే కౌంటర్, ట్రాఫిక్ లైట్ లాంటి చిన్న డిజైన్లు ఇంట్లోనే సరిచూసుకోవాలి. కాలేజీ ల్యాబ్‌లో బోర్డు దొరికే ఆ కాస్త సమయాన్ని అసలు పరీక్షకు వాడుకోవాలి.