కేటగిరీ అంకె చెప్పని ఉప్పెన

అమెరికాలోని గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరవాసులకు జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు సాగే హరికేన్ల కాలమంతా ఆకాశాన్నీ వాతావరణ సూచనలనూ కనిపెట్టి చూడటంతోనే గడుస్తుంది. దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కిన సముద్రం నుంచి లేచిన తేమగాలి పైకి వెళ్లి మేఘంగా మారేటప్పుడు వెలువడే వేడే ఈ తుపానులకు బలం కాబట్టి, సముద్రం బాగా వేడెక్కే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో భయం మరీ ఎక్కువ.

మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం విడుదల చేసే పటంలో కనిపించే శంకువు తుపాను కేంద్రం పయనించగల మార్గాన్ని మాత్రమే సూచిస్తుంది, గాలివానలు వ్యాపించే మేరను కాదు. ఆ శంకువుకు అవతల ఉన్నవారు ముప్పు తప్పిందనుకొని కిటికీలకు ప్లైవుడ్ పలకలు బిగించకుండా ఊరుకోవడం ప్రాణాంతకమైన అపోహ.

అంతకంటే పెద్ద అపోహ కేటగిరీ అంకెను నమ్ముకోవడం. గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 వరకు అంకెనిచ్చే సఫిర్-సింప్సన్ కొలమానం, తుపాను గాలి సముద్రాన్ని నేల మీదికి నెట్టే ఉప్పెన ఎత్తును చెప్పదు. 2005 ఆగస్టు 29న తీరం దాటేనాటికి మూడో కేటగిరీకి తగ్గిన కత్రినా హరికేన్ మిసిసిపీ తీరంలో 8 మీటర్లకు పైగా నీటిని లేపింది. 1977 నవంబర్‌లో దివిసీమను కబళించిందీ ఉప్పెనే కనుక తెలుగువారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

కత్రినా వచ్చిన నాడు న్యూ ఆర్లీన్స్‌లో చిక్కుకుపోయినవారిలో సొంత వాహనం లేని పేదలు, వృద్ధులు ఎందరో ఉన్నారు. ఖాళీ చేయమని ఆదేశించే ప్రభుత్వమే వారిని తరలించే బస్సులనూ ముందుగా సిద్ధం చేసి తీరాలి.