పాతబడిన చుట్ట రుచి

మంచి చుట్టకు మొదటి అవసరం ఒండ్రు నేల. కృష్ణా, గోదావరి లంకల్లో వరద ఏటేటా కొత్త మట్టి పరిచి పోతుంది. వరద తీశాక ఆ మట్టిలో నాటిన లంక పొగాకు ఆకు మందంగా, ఘాటుగా వస్తుంది. ఒకప్పుడు ఈ ఆకు కాకినాడ రేవు నుంచి ఓడలెక్కి బర్మా చుట్టల్లో చేరేది. గుంటూరు నల్లరేగడిలో పండే వర్జీనియా పొగాకు వేరే రకం. దాన్ని బ్యారన్‌లో వేడి పెట్టి పసుపు రంగు తెప్పిస్తారు, అది సిగరెట్‌కు పోతుంది. చుట్ట ఆకుకు ఆ తొందర పనికిరాదు. గాలికీ ఎండకీ దానంతట అది ఆరాలి.

క్యూబాలో ఇలాంటి పేరున్న నేల పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో. అక్కడ ఆరిన ఆకును మండెలుగా పేరుస్తారు. ఆకులోని తేమకు మండె లోపల వేడి పుడుతుంది. వేడి మితిమీరకుండా చూస్తూ, మండె విప్పి, తిరగేసి, మళ్లీ పేరుస్తారు. ఈ పులియడంలో అమ్మోనియా బయటికి పోతుంది, చేదు తగ్గుతుంది, ఆకు రంగు ముదురుతుంది. చుట్ట రుచిలో చాలా భాగం ఇక్కడే తయారవుతుందని చెప్పవచ్చు.

చుట్టిన తరువాత కూడా ఆకు ఊరుకోదు. కొత్త చుట్టలో ఇంకా మిగిలిన అమ్మోనియా ముక్కుకు గుచ్చుకుంటుంది. సీడర్ చెక్క పెట్టెలో ఏళ్ల తరబడి ఉంచితే ఆ గుచ్చుడు పోతుంది. లోపలి మూడు నాలుగు రకాల ఆకుల నూనెలు ఒకదానిలో ఒకటి కలిసి, వాసన ఏకమవుతుంది. డెల్టా ఇళ్లలో కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ ఎంత తేడా చూస్తారో ఇక్కడా అంత తేడా ఉంటుంది. అయితే కాలం లేని రుచిని తేలేదు. మొదట్లో బలం ఉన్న చుట్టే పదేళ్లు నిలుస్తుంది, పలుచనిది చప్పబడిపోతుంది. క్యూబా నుంచి వచ్చే హవానా చుట్టల పెట్టె అడుగున తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి కాబట్టి వయసు ఊహించే పని లేదు.

విజయవాడలో నిల్వే అసలు కష్టం. చుట్టకు కావలసింది 65 నుంచి 70 శాతం గాలి తేమ, 18 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం. బెజవాడ మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. వానాకాలం తేమకు బూజు పడుతుంది. వేడి పెరిగితే ఆకులో దాగిన గుడ్లు పగిలి, చిన్న గోధుమరంగు పురుగు సూదిమొనంత కంతలు చేసి బయటికొస్తుంది. ఒక్క కంత కనిపించినా ఆ చుట్టను వేరు చేయాలి.

కాల్చేటప్పుడు ముందు, నోట్లో పెట్టుకునే కొనను మూసే టోపీ భాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లే కోస్తారు. వెలిగించకుండా ఒకసారి పీల్చి చూస్తే గాలి ఎంత సులువుగా వస్తుందో, ఆకు వాసన ఎలా ఉందో తెలుస్తుంది. పెట్రోలు లైటరు వాసన చుట్టకు అంటుతుంది, అగ్గిపుల్ల మేలు. గంధకం కాలిపోయాక, మంట తగలకుండా చుట్ట కొనను తిప్పుతూ ఎర్రబరుస్తారు. నిమిషానికి ఒక దమ్ము చాలు. త్వరపడితే కొన వేడెక్కి, ఎన్నేళ్ల నిల్వ అయినా చేదెక్కుతుంది. పొగను నోట్లో తిప్పి, కొంత ముక్కులోంచి వదలాలి. రుచిగా అనిపించేదాంట్లో చాలా భాగం నిజానికి వాసనే. మొదటి మూడో వంతులో సీడర్ చెక్క, వేయించిన జీడిపప్పు వాసన తోస్తే, నడుమ కాఫీ గింజ, తోలు పలుకుతాయి. చివర్లో తారు, నికోటిన్ పేరుకుని ఘాటు పెరుగుతుంది. అక్కడ ఆపి, నలపకుండా వదిలేస్తే అదే ఆరిపోతుంది.

పొగ మింగకపోతే ప్రమాదం లేదన్న నమ్మకం తప్పు. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ కనుక నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు చుట్ట కారణమవుతుంది. నిల్వ చేసిన ఏళ్లు ఈ హానిని తగ్గించవు. ఉత్తరాంధ్రలో నిప్పు కొనను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు మరీ దారుణం. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన పరిశోధన, అడ్డపొగ తాగేవారి అంగిట్లో ఏర్పడే మచ్చలను, పుండ్లను వివరంగా నమోదు చేసింది. ఆ అలవాటు మగవారికన్నా ఆడవారిలోనే ఎక్కువగా కనిపించింది.