మెరిసే పసుపు మంచి పసుపేనా?

పసుపు లేని పోపులడబ్బా ఎవరింట్లోనైనా చూశారా? పప్పులో చిటికెడు, కూరలో చిటికెడు, పులిహోరలో కాస్త ఎక్కువ. వేలు తెగితే పసుపు, గొంతు నొప్పెడితే పాలల్లో పసుపు. గడపకి పసుపు, పేరంటానికొచ్చిన ముత్తయిదువ కాళ్ళకి పసుపు. పెళ్ళిపనులు మొదలయ్యేదే పసుపు కొట్టడంతో! అలాంటి పసుపుని అనుమానించడమంటే ఇంట్లో పెద్దావిడ మీద చాడీలు చెప్పినట్టే ఉంటుంది మనలో చాలామందికి. అందుకే ముందుగానే చెప్పేస్తున్నాను... తప్పు పసుపుది కాదు. దాని రంగు మీద మనకున్న మోజుదీ, ఆ మోజుని సొమ్ము చేసుకున్నవాళ్ళదీ.

ఈ సంగతిని బయటికి లాగింది అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు. అది జరిగింది మాత్రం బంగ్లాదేశ్ పల్లెటూళ్ళలో. అసలు వాళ్ళు పసుపు కోసం బయల్దేరనే లేదు. గర్భిణుల రక్తం పరీక్ష చేస్తున్నారు, అంతే. డాక్టర్ స్టీఫెన్ లూబీ అనే వైద్యశాస్త్ర ప్రొఫెసరూ, ఆయన దగ్గర పరిశోధన చేసిన జెన్నా ఫోర్సైత్ అనే ఆవిడా, ఢాకాలోని ఐ.సి.డి.డి.ఆర్.బి. అనే సంస్థవాళ్ళూ కలిసి చేసిన పని ఇది. (ఢాకాలోని ఈ సంస్థ మనకి కొత్తదేమీ కాదు. పిల్లలకి విరేచనాలైతే మనం కలిపి పట్టే ఉప్పూ పంచదార నీళ్ళు, అదే ఓ.ఆర్.ఎస్., కలరా రోగుల మీద పరీక్షించి 1968లో లోకానికి చూపించినవాళ్ళు వీళ్ళే. అప్పట్లో దాన్ని కలరా రీసెర్చ్ లేబొరేటరీ అనేవారు.)

మొత్తం 430 మంది గర్భిణుల రక్తం చూస్తే 31 శాతం మందిలో సీసం ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉంది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటి! ఈ లెక్క 2018లో అచ్చయింది. ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను. సీసం అంటే పాత పెయింట్లు, బ్యాటరీలు, ఫ్యాక్టరీల పొగ అనే కదా మనకి తెలిసింది? వరిపొలాల మధ్య ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ రక్తంలోకి అది ఎలా చేరినట్టు?

పరిశోధకులకీ అదే అనుమానం. ముందు పురుగుమందులు అనుకున్నారు. తరవాత తిండిగింజలు దాచుకునే రేకు డబ్బాలకి వేసిన టంకం అనుకున్నారు. అనుమానితుల జాబితాలో పసుపు కూడా ఓ మూల ఉంది.

ఇక్కడ కెమిస్ట్రీ రంగంలోకి దిగింది. సీసమంతా ఒకటే కాదుట. దాంట్లో బరువులో కొద్దికొద్ది తేడాలున్న నాలుగు రకాల పరమాణువులుంటాయి. ఏ గనిలోంచి తవ్విన సీసమైతే ఆ గనికి తగ్గ పాళ్ళలో అవి కలిసి ఉంటాయి. కరిగించినా, రంగులో కలిపినా, మనిషి రక్తంలో చేరినా ఆ పాళ్ళు మారవు. మా అత్తగారు చారు ఒక్క గుక్క తాగి 'ఇది పాత చింతపండు, మన చెట్టుది కాదు' అని తేల్చేసేవారు. దాదాపు అలాంటిదే ఇదీనూ. కాకపోతే ఇక్కడ నాలుక బదులు యంత్రం. ఆ గర్భిణుల రక్తంలోని సీసాన్నీ, అనుమానం ఉన్న ఒక్కొక్క వస్తువులోని సీసాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. సరిపోయింది పసుపుతోనే. 2019లో ఇది కూడా అచ్చయింది.

పసుపులో సీసం నేలలోంచి వచ్చిందా అంటే, కాదు. చేత్తో కలిపినదే. దాని పేరు లెడ్ క్రోమేట్. ఇది రంగుల కంపెనీల సరుకు. చక్కటి నిగనిగలాడే పసుప్పచ్చ. అమెరికాలో స్కూలు బస్సులకి 1939 నుంచి వేస్తున్న పసుప్పచ్చ రంగుని మొదట్లో తయారుచేసింది దీంతోనే! బస్సుకి వేసేదాన్ని పప్పులో వేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇది పసుపులోకి ఎలా దూరిందో అడగడానికి పరిశోధకులు మిల్లులకీ, టోకు బజార్లకీ, రైతుల దగ్గరికీ తిరిగారు. 1980లలో బంగ్లాదేశ్‌లో పెద్ద వరదలొచ్చాయి. పసుపు తడిసి, సరిగ్గా ఎండక, నల్లబడి వెలవెలబోయింది. అలాంటి కొమ్ములు ఎవరు కొంటారు? పసుపుని ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి గిరగిరా తిప్పి పైతొక్క రాలగొడతారు కదా. ఆ డ్రమ్ములోనే ఈ రంగుపొడి నాలుగు గుప్పిళ్ళు పడేస్తే చాలు, చచ్చిపోయిన కొమ్ము కూడా బంగారంలా తయారవుతుంది. వరదలు పోయాయి, అలవాటు మిగిలిపోయింది. 'జనం పచ్చగా మెరిసేదే అడుగుతారు, మేమేం చేస్తాం?' అన్నది వ్యాపారుల జవాబు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే కొట్లో నిలబడి పచ్చగా ఉన్నదే అడిగేది మనమే కదా. అందులో ఏముందో ఆ కొట్టువాడు చెప్పడు, మనకి తెలిసే దారీ లేదు.

సీసం ఒంట్లోకి పోతే ఏమవుతుంది? అప్పటికప్పుడు ఏమీ అవదు. అదే దాంతో వచ్చిన చిక్కు. వాంతి కాదు, జ్వరం రాదు. మన ఎముకలు దాన్ని కాల్షియం అనుకుని దాచుకుంటాయి. ఏళ్ళకేళ్ళు అక్కడే ఉంటుంది. ఆడది గర్భవతి అయినప్పుడు బిడ్డకి కావలసిన కాల్షియం కోసం తల్లి ఎముకలు కరుగుతాయి చూడండి, దాంతోపాటు ఈ సీసమూ బయల్దేరుతుంది. మాయ దాన్ని ఆపలేదు. నేరుగా బిడ్డకి చేరి, అప్పుడప్పుడే తయారవుతున్న మెదడు మీద పడుతుంది. పుట్టిన తరవాత చిన్నపిల్లలు తిండిలో ఉన్న సీసాన్ని పెద్దవాళ్ళకంటే నాలుగయిదు రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టించుకుంటారు. ఇంతవరకూ ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరాఖండీగా చెబుతోంది. చదువు తలకెక్కకపోవడం, ఒకచోట నిలకడగా కూర్చోలేకపోవడం... ఇవన్నీ వస్తాయి. అన్ని పిల్లల విషయంలోనూ సీసమే కారణం అనడం లేదు. కానీ పిల్లాడికి మార్కులు రాకపోతే 'తల్లి పెంపకం' అనేసే లోకంలో, ఆ తల్లి వంటింటి డబ్బాలో ఏముందో ఎవరూ అడగరు.

మా చెల్లెలికిప్పుడు ఏడో నెల. రక్తం తక్కువగా ఉందన్నారు డాక్టరమ్మ. ఒంట్లో ఐరన్ తక్కువైతే సీసం ఇంకా తేలిగ్గా ఇంకుతుందని చదివాక నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఐరన్ మాత్రలు మింగబుద్ధి కావడం లేదని అది సాకులు చెబుతుంటే ఫోన్లోనే గట్టిగా కేకలేశాను. రాగులు, పాలు, ఆకుకూరలు పెట్టమని వాళ్ళ అత్తగారికీ చెప్పాను. తినే తిండిలో కాల్షియం, ఐరన్ సరిపడా ఉంటే సీసానికి ఒంట్లో చోటు తగ్గుతుంది. ఆవిడ మంచిది కాబట్టి ఏమీ అనుకోలేదు.

రెండేళ్ళలో సున్నా!

ఇంతవరకూ చదివి భయపడిపోయారేమో. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇకమీదటిదే. పరిశోధన పత్రం అచ్చయింది, మన పని అయిపోయిందని ఆ శాస్త్రవేత్తలు చేతులు దులుపుకోలేదు. కాగితాలు పట్టుకుని బంగ్లాదేశ్ ఆహార భద్రతా సంస్థ దగ్గరికి వెళ్ళారు. 2019లో ఆ సంస్థ దాదాపు 50,000 హెచ్చరిక కాగితాలు పంచింది, పేపర్లలో వార్తలొచ్చాయి. తరవాత ఢాకాలోని శ్యాంబజార్ టోకు బజారు మీద దాడి చేశారు. అధికారుల చేతిలో చిన్న తుపాకీలాంటి యంత్రం. ఎక్స్-రే కిరణాలు పడితే ఒక్కో మూలకం తనదైన తీరులో వెలుగు తిప్పి పంపుతుంది, ఆ వెలుగుని బట్టి అది సీసమో కాదో యంత్రం అక్కడికక్కడే చెప్పేస్తుంది. ల్యాబుకి పంపి నెలల తరబడి చూడక్కర్లేదు, వ్యాపారి 'నాది కాదు' అనడానికీ వీల్లేదు. 900 కిలోలకి పైగా పసుపు పట్టుకున్నారు. ఇద్దరు టోకు వ్యాపారులకి జరిమానా వేశారు. అదంతా టీవీల్లో చూపించారు.

ఫలితం చూడండి. దాడికి ముందు 2019లో బజారులో తెచ్చిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. 2020 మొదట్లో అది 5 శాతం. 2021లో సున్నా! మిల్లుల్లో పనిచేసే కూలీల రక్తంలో కూడా సీసం సగటున 30 శాతం దాకా తగ్గింది. పాపం, అందరికంటే ఎక్కువ ఆ పొడి పీల్చింది వాళ్ళే. కొత్త మందు కనిపెట్టలేదు, కోట్లు కుమ్మరించలేదు. రక్తం చూసిన డాక్టర్లు, సీసం ఊరూ పేరూ పట్టుకున్న కెమిస్టులు, ఆ యంత్రం తయారుచేసిన ఇంజనీర్లు, సరుకు ఆపిన అధికారులు... ఎవరి పని వాళ్ళు చేశారు. మన దగ్గర ఒక శాఖ సంగతి పక్క శాఖకి తెలియదంటూ ఉంటాం కదా, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మరి మన సంగతేమిటి? ఆ బృందమే మరికొందరితో కలిసి 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి వరకు ఇండియా, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాల్లోని 23 నగరాల్లో 356 పసుపు నమూనాలు కొంది. ఫలితాలు 2024లో వచ్చాయి. సుమారు 14 శాతం నమూనాల్లో సీసం గ్రాముకి 2 మైక్రోగ్రాములు దాటింది. పాట్నా, కరాచీ, పెషావర్‌లలో అయితే 1,000 మైక్రోగ్రాములు దాటినవీ ఉన్నాయి. అంటే కిలో పసుపులో గ్రాముకి పైగా సీసం! మన దేశంలో చట్టం ఒప్పుకునేది కిలోకి 10 మిల్లీగ్రాములు మాత్రమే, లెడ్ క్రోమేట్ అయితే బొత్తిగా ఉండకూడదు. ఎక్కువ సీసం ఉన్న నమూనాల్లో సీసం అణువులెన్నో, క్రోమియం అణువులూ దాదాపు అన్నే ఉన్నాయి. లెడ్ క్రోమేట్‌లో ఉండేది సరిగ్గా అదే లెక్క. మట్టిలోంచి వచ్చిందని బుకాయించడానికి ఇక దారి లేదు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళు ఇది కూడా వినండి. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 2008 నుంచి 2017 వరకు 1,496 మసాలా నమూనాలు పరీక్షించి, 30 శాతానికి పైగా వాటిలో సీసం 2 పి.పి.ఎం. దాటిందని తేల్చింది. అక్కడి కొట్లలో కొన్నవాటి కంటే సొంత దేశాల నుంచి తెచ్చుకున్నవాటిలోనే ఎక్కువట. 'అక్కడ దొరికే పసుపు పసుపేనా, మన ఊరిది పట్టుకెళ్ళు' అంటూ సూట్‌కేసులో కారం, ఆవకాయల పక్కన కుక్కి పంపే తల్లులం మనం!

పసుపు పండించేది మన నిజామాబాద్, మన దుగ్గిరాల. జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో నిజామాబాద్‌లోనే మొదలైంది. ఎగుమతులూ ధరలూ చూసుకోవలసిందే, కాదనను. కానీ ప్రతి మార్కెట్ యార్డులో ఆ ఎక్స్-రే తుపాకీ ఒకటి పెడితే మంచి పసుపు పండించే రైతుకీ మేలే, మనకీ మేలే.

ఇదంతా చదివాక కిరాణా కొట్టుకి వెళ్ళి, 'పాలిష్ పట్టని కొమ్ములున్నాయా బాబూ?' అని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

'అవెవరు కొంటారమ్మా? మట్టి కొట్టుకున్నట్టుంటాయి. ఆడవాళ్ళు చేత్తో కూడా ముట్టుకోరు.'

'నేను కొంటాను గదా, చూడు.'

లోపల్నుంచి ఒక గోనెసంచీ లాక్కొచ్చాడు. పైన ముడతలు, మట్టిరంగు, తొక్క. విరిస్తే లోపల మాత్రం ముదురు నారింజ రంగు. కిలో తెచ్చి కడిగి, ఎండబెట్టి మిల్లులో పట్టించాను. కొట్టు పసుపంత మెరవదు. అయినా పప్పు పచ్చగానే అయింది.

ఇంట్లో చిన్న పరీక్ష ఒకటుంది. దీన్ని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వాళ్ళే చెప్పారు. గాజుగ్లాసులో నీళ్ళు పోసి పసుపు కొమ్ము వేయండి. మంచిదైతే రంగు దిగదు. రంగు పూసినదైతే వెంటనే నీళ్ళు పచ్చబడతాయి. పొడి అయితే చెంచాడు వేయండి. మంచిది అడుక్కి దిగుతూ లేత పసుపు రంగే వదులుతుంది, కల్తీది చిక్కగా వదులుతుంది. పూజ పసుపు మాత్రం వంటకి వాడకండి. పాకే పిల్లలున్న ఇంట్లో గడపకి రాసే పసుపు విషయంలోనూ జాగ్రత్త. సీసం చర్మంలోంచి పెద్దగా ఇంకదు గానీ, ఆ చేతులు నోట్లోకి పోతాయి.

గ్లాసు పరీక్ష అనుమానం పుట్టించడానికే పనికొస్తుంది. తేల్చి చెప్పేది ల్యాబే. ఆహార భద్రత చట్టం ప్రకారం మనలాంటి మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్టు చేత సరుకు పరీక్ష చేయించుకోవచ్చు. ఒక్క షరతు... కొనేటప్పుడే 'దీన్ని పరీక్షకి పంపిస్తాను' అని కొట్టువాడితో చెప్పాలి. కల్తీ అని తేలితే కట్టిన ఫీజు తిరిగిస్తారు. మా వీధిలో అయిదుగురం తలా కొంచెం వేసుకుని వచ్చే నెల నాలుగు కొట్ల పసుపు పంపిద్దామనుకుంటున్నాం. ఆ మాట చెప్పగానే ఒక కొట్టాయన, 'మీరు ఇంకో రకం తీసుకోండమ్మా, ఇది వద్దు' అని డబ్బా మూత పెట్టేశాడు.