కరవది నుండి శ్రీరంగానికి: షేక్ చినమౌలానా నాదస్వర ప్రస్థానం

ఈ ఏడు ప్రవేశపత్రాలు పరిశీలిస్తుండగా ఒక విద్యార్థి పత్రం వద్ద నా చేయి ఆగింది. తండ్రి వృత్తి అన్నచోట "కూలి" అని వ్రాసి ఉంది. ఆ తండ్రిని నేనెరుగుదును. కృష్ణపట్నం, ముత్తుకూరు ప్రాంతపు పెళ్ళిళ్ళలో ఏళ్ళ తరబడి సన్నాయి వాయిస్తున్న మనిషి. అబ్బాయిని పిలిచి అడిగితే తల వంచుకొని, "మేళగాళ్ళంటే నవ్వుతారు సార్" అన్నాడు. ఆ నవ్వేవారి కోసమూ, ఆ తల వంచుకొన్నవాని కోసమూ ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నెల్లూరు నుండి ఉత్తరంగా పోయే రైలు ఒంగోలు దాటగానే కరవది అనే చిన్న స్టేషను వస్తుంది. షేక్ చినమౌలానా సాహెబ్ 1924లో ఆ గ్రామంలో జన్మించారు. గుంటూరు, ప్రకాశం సీమలలో నాదస్వర విద్య తరతరాలుగా ముస్లిం కుటుంబాలలో నిలిచి ఉన్నది. వారిలో పలువురు దూదేకులవారు. ఇంట నమాజు, గుడి ముంగిట త్యాగరాజ కీర్తన. ఈ రెంటి నడుమ పొత్తు కుదరదన్న ఆలోచన ఆ ఇళ్ళలో పుట్టినట్లు లేదు. మౌలానాగారిదీ అట్టి వంశమే. చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ గారి వద్ద ఆయన శిక్షణ పొందారు.

అంతటితో ఆగినా ఆయనకు బ్రతుకు తెరువుకు లోటుండేది కాదు. కాని తంజావూరు బాణీ ఆయనను పట్టుకొన్నది. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై పేరు దక్షిణదేశమంతటా మారుమ్రోగుతున్న కాలమది. ఒక రాగాన్ని తొందరపడకుండా విప్పుకుంటూ పోయే ఆ ఆలాపనా పద్ధతిని నేర్వగోరి, మౌలానాగారు నాచ్చియార్ కోయిల్ సోదర విద్వాంసులు రాజం, దురైకణ్ణు పిళ్ళైల వద్ద మరల శిష్యులైనారు. చేతికి వచ్చిన విద్యను ప్రక్కనపెట్టి వేరొక భాషాప్రాంతంలో మొదటినుండి కూర్చొనడం ఎంతటి పనో, మన బి.ఏ. విద్యార్థులకు ఒక్క పేపరు మరల వ్రాయవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది! తరువాత ఆయన శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. పెన్న ఒడ్డున మనకూ ఒక రంగనాథుడున్నాడు. ఆయనను మాత్రం కావేరి ఒడ్డు రంగనాథుడు పిలుచుకొన్నాడు.

నవ్వేవారు ఆ వాద్యాన్ని ఒకసారి చేతబట్టి చూడవలె. ఆచా అనే గట్టి కర్రను తొలిచి దీనిని చేస్తారు. పాత ఇళ్ళ దూలాలలో ముదిరిన కర్ర అయితే మరీ శ్రేష్ఠమంటారు. వ్రేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. క్రింద మరికొన్ని రంధ్రాలుంటాయి. అవి వాయించడానికి కావు, మైనంతో కొంత పూడ్చి శ్రుతి సరిచేసుకొనడానికి. పైన అమర్చే పీక రెల్లు జాతి గడ్డితో చేసినది. అది తడి ఆరినా, అతిగా నానినా స్వరం తప్పుతుంది. అందుచేతనే వాద్యానికి అదనపు పీకలు దారంతో వ్రేలాడగట్టి ఉంచుతారు. పొట్టిదైన తిమిరి హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. పొడవైన బారీ తగ్గు శ్రుతిలో గంభీరంగా పలుకుతుంది. బారీ నేడు కచేరీలలో నిలదొక్కుకొనడానికి రాజరత్నం పిళ్ళైగారే ముఖ్యకారకులు. హార్మోనియంలోవలె మెట్టు నొక్కితే స్వరం వచ్చే వాద్యం కాదిది. గమకమంతా ఊపిరి ఒత్తిడిలోనూ, పెదవుల బిగువులోనూ, వ్రేలు రంధ్రాన్ని సగం మూసే నేర్పులోనూ ఉన్నది. ఇంత విద్యను మనం పెళ్ళిలో భోజనాల సందడిలో పడవేసి, తాళి కట్టేవేళ "గట్టిమేళం" అని కేకవేసి ఊరుకుంటాము.

మేళమనగా ఒక్కరు కారు. ఇద్దరు నాదస్వరగాండ్రు, డోలు, శ్రుతి, తాళం కలిసిన జట్టు. వారి ఆదాయం పంచాంగం చేతిలో ఉన్నది. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ముహూర్తాలు లేవు. ముహూర్తం లేనిదే పొయ్యి వెలగదు. ఇది మన దేశపు చిక్కే అనుకోనక్కరలేదు. ఐర్లండు దేశంలో 1950, 60లలో షోబ్యాండులని నాట్యశాలలకు వాయించే సంచార బృందాలుండేవి. వాటర్‌ఫర్డ్ పట్టణపు రాయల్ షోబ్యాండ్ 1957లో మొదలైనది. మోనహన్ జిల్లాకు చెందిన బిగ్ టామ్ బృందం గ్రామీణ సంగీతానికి పేరుపడినది. ఈస్టరుకు ముందరి తపస్సు కాలంలో అక్కడి నాట్యశాలలు మూసివేసేవారు. అప్పుడు ఈ బృందాలు ఇంగ్లండు, అమెరికాలలోని ఐరిష్ వలసదారుల వద్దకు పోయి వాయించి వచ్చేవి. 1970లలో డిస్కోలు రాగా ఆ బృందాలలో చాలవరకు చెదరిపోయినవి. మనవద్ద ఆ పని బ్యాండుసెట్టు మొదలుపెట్టింది, డీజే పెట్టెలు పూర్తిచేస్తున్నవి.

ఆషాఢంలో పోయి వాయించడానికి మన మేళానికి ఇంగ్లండు లేదు. ఉన్నదల్లా కచేరీ వేదిక ఒక్కటే. మౌలానాగారి జీవితానికి గల ప్రాముఖ్యం, నా దృష్టిలో, ఇక్కడనే ఉన్నది. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించినవి. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమం నెలకొల్పి ఎందరికో నేర్పారు. 1999లో ఆయన కన్నుమూసిన తరువాత మనుమలు కాశిం, బాబు ఆ బాణీని వేదికపై కొనసాగించారు. శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ లభించింది. స్త్రీలు నాదస్వరం పట్టడమే అరుదైన చోట, ఒక తెలుగు ముస్లిం స్త్రీ భర్త సరసన కూర్చొని వాయించి ఈ గౌరవం పొందినదని మన విద్యార్థినులకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. రాబోయే వార్షికోత్సవంలో అతిథులు నడచివచ్చే అయిదు నిమిషాలకు కాక, వేదికపై ఒక గంటసేపు, మైకు ముందు, మన ఊరి మేళానికి అవకాశమిప్పించ ప్రార్థన. ఎవరిని పిలవవలెనో నేను చెప్పగలను.

ఆ అబ్బాయి పత్రం ఇంకా నా బల్ల సొరుగులోనే ఉన్నది. దిద్దుకొనడానికి గడువు ఈ నెలాఖరు వరకు.