పసిపిల్లలతో ఒమన్ విహారం

'విహారం' అనే సంస్కృత పదానికి సంచారమనీ, క్రీడ అనీ, వినోదమనీ అర్థాలున్నాయి. యాత్రలో గమ్యం ప్రధానమైతే, విహారంలో మనోల్లాసం ప్రధానం. ఎన్ని ప్రదేశాలు చూశామన్నది కాక, ఎంత హాయిగా గడిపామన్నదే దానికి కొలమానం. పసిపిల్లలు వెంట ఉన్నప్పుడు ఈ సూత్రం మరింతగా వర్తిస్తుంది. బృందంలో పెద్దవారి ఉత్సాహాన్ని బట్టి కాక, అందరిలో చిన్నవాని ఓపికను బట్టి ప్రయాణాన్ని రూపొందించుకోవాలి. ఈ విషయాన్ని గల్ఫ్ దేశాలలో ఒకటైన ఒమన్‌ను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

తెలుగువారికి గల్ఫ్ దేశాలు కొత్తవి కావు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుండి ఎందరో జీవనోపాధికై అక్కడికి వెళ్ళారు. అయితే ఆలుబిడ్డలను వెంట ఉంచుకొనే స్తోమత వారిలో అందరికీ లేదు. అందువల్ల భార్యాపిల్లలు నాలుగైదు రోజుల కోసం వెళ్ళినప్పుడు ఆ తండ్రికి ప్రతి గడియా అమూల్యంగా తోస్తుంది. ఉన్న కొద్ది రోజులలోనే అన్నీ చూపించాలన్న ఆరాటం కలగడం సహజం. ఆ ఆరాటమే పిల్లలకు అలసటగా, ఒక్కొక్కప్పుడు ఆపదగా పరిణమిస్తుంది. కనుక ప్రణాళిక అవసరం. చూడవలసినవాటిని ఎంచుకోవడమే కాదు, వదులుకోవలసినవాటిని వదులుకోవడం కూడా ప్రణాళికే.

మొదట నిర్ణయించవలసినది ఋతువు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు రాజధాని మస్కట్‌లో వాతావరణం ఆహ్లాదకరంగా ఉంటుంది. మే నుండి జూలై వరకు పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. దురదృష్టవశాత్తు మన పిల్లల వేసవి సెలవులు ఆ కాలంలోనే వస్తాయి. వేసవిలో వెళ్ళక తప్పనివారికి దక్షిణాన ఉన్న సలాలా ఒక చక్కని ప్రత్యామ్నాయం. మన నేలను తడిపే నైరుతి ఋతుపవనాలే జూన్ చివరి నుండి సెప్టెంబరు వరకు ఆ తీరాన్నీ స్పృశిస్తాయి. అప్పుడు అక్కడి కొండలు పచ్చబడతాయి, చిరుజల్లులు కురుస్తాయి. సలాలాలోని కొబ్బరి, అరటి తోటలను చూస్తే కోనసీమ గుర్తుకు రాక మానదు. అయితే సలాలా మస్కట్‌కు సుమారు 1000 కిలోమీటర్ల దూరంలో ఉంది. కనుక పిల్లలతో విమానంలో వెళ్ళడమే మేలు.

రెండవది సన్నాహం. చంటిబిడ్డకైనా ప్రత్యేకంగా పాస్‌పోర్టు ఉండవలసిందే. వీసా నియమాలను టిక్కెట్లు కొనకముందే తెలుసుకోవాలి. పిల్లలకు వాడే మందులను వైద్యుని చీటీతో సహా తీసుకువెళ్ళాలి. మన వంటింటి దినుసులన్నీ అక్కడ చెల్లుబాటు కావు. గసగసాలను కొన్ని గల్ఫ్ దేశాలు మాదకద్రవ్య చట్టాల కింద నిషేధించాయి. కనుక మసాలా పొడులను మూటగట్టే ముందు జాగ్రత్త వహించాలి. ఒమన్ కాలమానం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. అందుచేత మొదటి రెండు రోజులు పిల్లలు పెందలకడనే నిద్ర లేస్తారు, పెందలకడనే నిద్రపోతారు. ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూడవది దినచర్య. మూడేళ్ళ, ఏడేళ్ళ పిల్లలున్న కుటుంబం ఐదు రోజులు గడపదలచిందనుకుందాం. మంగళవారం చేరుకొని విశ్రాంతి తీసుకోవాలి. సాయంకాలం మత్రా సముద్రతీరంలో నడచి, ఆ పక్కనే ఉన్న పాత అంగడివీథిని చూడవచ్చు. బుధవారం ఉదయం 2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ మహామసీదును దర్శించవచ్చు. ఇతర మతస్థులకు ఉదయంపూటనే ప్రవేశం, శుక్రవారం ఉండదు. పిల్లల వయస్సుకు సంబంధించిన నియమాలను ముందుగా విచారించుకోవాలి. మధ్యాహ్నం నిద్ర, సాయంకాలం ఖురం తీరంలో ఇసుకాట. గురువారం సుమారు 160 కిలోమీటర్ల దూరంలోని నిజ్వా పట్టణానికి వెళ్ళి, అక్కడి కోటను చూసి, రాత్రి బస చేయవచ్చు. శుక్రవారం ఉదయాన అక్కడ జరిగే మేకల సంత పిల్లలకు ఏ ప్రదర్శనశాల కన్నా ఆనందాన్నిస్తుంది. ఆ దాపునే 'ఫలజ్' అనే పురాతన కాలువలున్నాయి. యంత్రాల సహాయం లేకుండా, నేల వాలును మాత్రమే ఆధారంగా చేసుకొని ఇవి ఖర్జూరపు తోటలకు నీరందిస్తాయి. రైతులు ఆ నీటిని వంతులవారీగా పంచుకుంటారు. వీటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. శనివారాన్ని ఖాళీగా ఉంచాలి. ఒక బిడ్డకు జ్వరం వచ్చినా, ఒక పూట వృథా అయినా ఆ ఖాళీ ఆదుకుంటుంది.

ఇక వదులుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాదీ షాబ్ అనే లోయ అందానికి పెట్టింది పేరు. కాని అందులో రాళ్ళమీద చాలా దూరం నడవాలి, చివర ఈదాలి. రాస్ అల్ జింజ్ తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే దృశ్యం అద్భుతమైనదే. కాని దానికోసం రాత్రివేళ చీకటిలో, ఇసుకలో, నిశ్శబ్దంగా నడవాలి. మూడేళ్ళ బిడ్డకు ఈ రెండూ తగవు. బిడ్డ ఎదిగిన తరువాత వాటిని చూడవచ్చు.

అన్నింటికన్నా ముఖ్యమైనది రక్షణ. అరబ్బీలో 'వాదీ' అంటే లోయ; ఎక్కువగా వాన కురిసినప్పుడు మాత్రమే అందులో ఏరు పారుతుంది. తక్కిన కాలంలో అది ఎండిన రాతిబాటలా కనిపిస్తుంది. ఎక్కడో కొండలపై వాన కురిస్తే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే వరద విరుచుకుపడుతుంది. 2024 ఏప్రిల్‌లో ఒమన్‌లో సంభవించిన ఆకస్మిక వరదలలో పాఠశాల బాలలతో సహా పలువురు మరణించారు. కనుక వాన సూచన ఉన్ననాడు వాదీల వైపు వెళ్ళరాదు. రోడ్డుమీద నీరు పారుతున్నప్పుడు వాహనాన్ని దాటించరాదు. అది అక్కడి చట్టరీత్యా నేరం కూడా. ఎండ మరొక శత్రువు. పిల్లల శరీరం పెద్దలకన్నా త్వరగా వేడెక్కుతుంది. దాహమని వారు అడిగే వరకు ఆగక, తరచుగా నీరు తాగించాలి. నిలిపి ఉంచిన కారులో బిడ్డను ఒక్క నిమిషమైనా విడిచి వెళ్ళరాదు. ఆపత్సమయంలో 9999 నంబరుకు ఫోను చేయాలి.

అతిథిగా వెళ్ళినవారు ఆతిథేయుల ఆచారాలను గౌరవించాలి. బహిరంగ ప్రదేశాలలో నిండైన వస్త్రధారణ అవసరం. శుక్రవారం మధ్యాహ్న ప్రార్థన ముగిసేవరకు చాలా దుకాణాలు తెరువరు. రంజాన్ మాసంలో పగటిపూట పదిమందిలో తినడం, తాగడం తగదు. పిల్లలకు ఆహారం బసలోనే పెట్టడం మంచిది.

ఈ నియమాలన్నీ వినోదానికి అడ్డంకులని భావించరాదు. గట్టు ఉన్న చెరువులోనే నీరు నిలుస్తుంది. అలాగే ముందుచూపుతో కూడిన ప్రయాణంలోనే ఆనందం నిలుస్తుంది. పెద్దయ్యాక ఆ పిల్లలకు కోట ఎత్తు గాని, దారిలో దాటిన ఊళ్ళ పేర్లు గాని గుర్తుండకపోవచ్చు. ఏడాదికొకమారు కనిపించే తండ్రి తమతోపాటు ఇసుకలో కూర్చొని గూళ్ళు కట్టిన సాయంకాలం మాత్రం గుర్తుంటుంది. అటువంటి సాయంకాలానికి తీరిక మిగల్చడమే మంచి ప్రణాళిక లక్షణం.