సెక్షన్ మారిపోయింది, ‘ఫోర్ ట్వంటీ గాడు’ మాత్రం మారలేదు: ఇంగ్లీష్ మాటల్లో నంబర్ల సంగతి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. “అన్నా, ఇలెవెన్త్ అవర్ అంటే పదకొండు గంటలా? క్యాచ్ ట్వంటీటూ అంటే క్రికెట్టా?” అని. అందుకే ఈరోజు నంబర్లున్న ఇంగ్లీష్ మాటలు పట్టుకుందాం. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు, క్లయింట్ కాల్స్‌లో కూర్చునేవాళ్లు చివరిదాకా చూడండి. ఇక్కడ ఒక్క మాట తప్పుగా అర్థమైతే పని చెడిపోతుంది.

ముందు మన తెలుగు చూద్దాం. ఇంట్లో అమ్మ ఏమంటుంది? “ఒరే, నాలుగు రాళ్లు ఎనకేసుకోరా” అంటుంది. మనం ఏటిగట్టుకెళ్లి నాలుగు రాళ్లు ఏరుకుని రాం కదా. డబ్బు దాచుకోమంటోందని తెలుసు. “వాళ్ల యాపారం మూడు పువ్వులు, ఆరు కాయలు” అంటే, మూడు పువ్వులకి ఆరు కాయలెలా కాశాయని ఎవరూ లెక్కలేసుకోరు. బాగా నడుస్తోందని అర్థం, అంతే.

నేను బీటెక్ చదివి కొన్నాళ్లు కోడ్ రాసినవాణ్ణి కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. ఇలాంటి మాటల్లో నంబర్ అనేది ఇంటీజర్ కాదు, స్ట్రింగ్. కోడింగ్ తెలియనివాళ్లకి ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, అది మీ ఫోన్ నంబర్ లాంటిది. ఫోన్ నంబర్‌కి ఒకటి కలిపితే విలువ పెరగదు, కాల్ ఇంకెవరికో వెళ్తుంది. అది అంకెల్లో ఉన్న పేరు. ఇడియంలో నంబర్ కూడా అంతే. ఈ ఒక్క పాయింట్ పట్టుకుంటే మిగతా ఎపిసోడ్ అంతా ఈజీ.

దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఎవడైనా డబ్బులు తీసుకుని ఎగ్గొడితే “వాడు పెద్ద ఫోర్ ట్వంటీ గాడు” అంటాం. ఎక్కడిదీ 420? బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1860లో ఇండియన్ పీనల్ కోడ్ వచ్చింది. అందులో 420వ సెక్షన్ చీటింగ్‌ది. మోసంతో ఎదుటివాడి దగ్గర డబ్బో ఆస్తో రాబట్టుకుంటే, ఏడేళ్ల వరకు జైలు. కోర్టులో పుట్టిన నంబర్ బజార్లోకి వచ్చి తిట్టు అయిపోయింది. 1955లో రాజ్ కపూర్ ‘శ్రీ 420’ అని సినిమా తీస్తే, టైటిల్‌కి అర్థం ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. 2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కొత్త చట్టంలో ఆ నేరం 318వ సెక్షన్, నాలుగో సబ్‌సెక్షన్ కిందికి వెళ్లిపోయింది. మరి మనం “వాడు త్రీ ఎయిటీన్ ఫోర్ గాడు” అంటున్నామా? అనం. పుట్టిన చోట నంబర్ మారింది, జనం నోట్లో మారలేదు. పదహారణాల తెలుగమ్మాయి కూడా అలాంటిదే. రూపాయికి పదహారణాల లెక్క 1957లో నయాపైసలు వచ్చాక పోయింది. అణా ముఖం చూడని మనం కూడా ఆ మాట వాడుతూనే ఉన్నాం. అందుకే చెప్తున్నా, ఇవి లెక్కలు కావు, పేర్లు.

ఒక జాగ్రత్త. ఈ 420ని అమెరికాలో వాడకండి. 1971లో కాలిఫోర్నియాలో కొందరు హైస్కూల్ కుర్రాళ్లు సాయంత్రం నాలుగూ ఇరవైకి గంజాయి కోసం కలుసుకునేవాళ్లు. ఆ టైమే కోడ్ వర్డ్ అయి దేశమంతా పాకింది. మీరు అక్కడి కొలీగ్‌తో “మై ఓల్డ్ బాస్ వాజ్ ఎ ఫోర్ ట్వంటీ” అన్నారనుకోండి. ఆయన మోసగాడని మీ ఉద్దేశం. అవతలివాడికి ఇంకోటి అర్థమవుతుంది. మన నర్సీపట్నం రూట్లో గంజాయి కేసుల వ్యవహారం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే నంబర్, రెండు దేశాలు, రెండు అర్థాలు.

సరే, ఇప్పుడు ఇంగ్లీష్ వాళ్ల సొంత మాటలకి వద్దాం.

మొదటిది ఇలెవెన్త్ అవర్. ఇది పదకొండు గంటలు కాదు. బైబిల్లో మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఒక ద్రాక్షతోట యజమాని కథ ఉంది. ఆ కాలంలో పగలంతా పన్నెండు గంటల లెక్క, పొద్దు పొడిచినప్పటి నుంచి మొదలు. అంటే పదకొండో గంట మన లెక్కలో సాయంత్రం ఐదు. ఇంకో గంటలో పొద్దు గుంకుతుంది. ఆ వేళకి కూలికి వచ్చినవాళ్లకీ పొద్దున్నే వచ్చినవాళ్లతో సమానంగా కూలిచ్చాడు ఆయన. అక్కడి నుంచి ఇలెవెన్త్ అవర్ అంటే ఆఖరి ఘడియ. “ది క్లయింట్ చేంజ్డ్ ఇట్ ఎట్ ది ఇలెవెన్త్ అవర్” అంటే, తీరా పని అయిపోయే టైమ్‌కి మార్చాడని. క్యాలెండర్లో పదకొండింటికి మీటింగ్ పెట్టకండి.

రెండోది క్యాచ్ ట్వంటీటూ. జోసెఫ్ హెల్లర్ అనే అమెరికన్ రచయిత 1961లో రాసిన నవల పేరు అది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల వాళ్ల కథ. పిచ్చి ఉన్నవాణ్ణి విమానం ఎక్కించకూడదు, కానీ వాడే వచ్చి అడగాలి. “నాకు పిచ్చి, నన్ను ఆపండి” అని అడిగాడంటే ప్రాణభయం ఉన్నట్టు, అంటే బుర్ర బాగానే ఉన్నట్టు. కాబట్టి ఎక్కాల్సిందే! మనవాళ్లు దీన్ని ఎప్పుడో చెప్పేశారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. మన ఫ్రెషర్లకి రోజూ ఉన్నదే ఇది. ఎక్స్‌పీరియన్స్ ఉంటేనే జాబ్, జాబ్ ఉంటేనే ఎక్స్‌పీరియన్స్.

మరి ఇరవై రెండే ఎందుకు? హెల్లర్ ముందు పెట్టుకున్న పేరు క్యాచ్ ఎయిటీన్. అదే ఏడాది ‘మిలా 18’ అని లియాన్ యూరిస్ నవల వస్తుండటంతో 22కి మార్చారు. ఆ నంబర్లో రహస్యం ఏమీ లేదు. కానీ ఇప్పుడు మీరు క్యాచ్ ట్వంటీత్రీ అంటే ఎవరికీ అర్థం కాదు. స్ట్రింగ్ అన్నది అందుకే.

మూడోది సెకండ్ థాట్స్. ఇది బాగా వినండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో, కాల్ మీద క్లయింట్ “వి ఆర్ హ్యావింగ్ సెకండ్ థాట్స్ అబౌట్ దిస్ ఫీచర్” అన్నాడు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఉత్సాహంగా “గ్రేట్, ప్లీజ్ షేర్ దెమ్!” అన్నాడు. రెండో ఐడియా ఏదో ఇస్తున్నాడనుకున్నాడు పాపం. అవతల ఆయన చెప్పింది “ఒప్పుకున్నాం గానీ, ఇప్పుడు వెనకాడుతున్నాం” అని. కాల్ ఒక్కసారి సైలెంట్ అయిపోయింది. ఆ కుర్రాడికి కోడింగ్ బ్రహ్మాండంగా వచ్చు. తర్వాత చాలా రోజులు కాల్స్‌లో మైక్ ఆన్ చెయ్యలేదు. నాకు బాధనిపించింది అదే. ఒక్క మాట తెలియకపోవడం తెలివి తక్కువ కాదు ఫ్రెండ్స్.

అదే వరసలో సెకండ్ టు నన్. ‘సెకండ్’ అని వినపడగానే దిగులు పడకండి. ఎవరికీ రెండో స్థానం కాదు, అంటే ఫస్టే అని.

నాలుగోది థర్డ్ డిగ్రీ. మన పేపర్లలో థర్డ్ డిగ్రీ అంటే పోలీసులు కొట్టడం. ఇంగ్లీష్ మాటల్లో మామూలుగా గుచ్చి గుచ్చి ప్రశ్నలడగడాన్ని కూడా అంటారు. మీ మేనేజర్ “మై వైఫ్ గేవ్ మి ది థర్డ్ డిగ్రీ” అంటే ఆయనకేం దెబ్బలు తగల్లేదు. లేటుగా ఇంటికెళ్లి ఉంటాడు.

ఐదోది ఎ స్టిచ్ ఇన్ టైమ్ సేవ్స్ నైన్. టైమ్, నైన్ చెవికి కలుస్తాయి కాబట్టి తొమ్మిది బాగా అతికింది. చిరుగు చిన్నగా ఉన్నప్పుడే ఒక్క కుట్టు వేస్తే తర్వాత తొమ్మిది తప్పుతాయి. మన భాషలో, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు అని. చూడండి, మన సామెతలో నంబరే లేదు. అందుకే నంబర్ని తర్జుమా చెయ్యకండి, అర్థాన్ని చెయ్యండి. థ్యాంక్స్ ఎ మిలియన్ అంటే పది లక్షల థ్యాంక్సులు కాదు, కోటి దండాలు.

అయితే నంబర్ నిజంగానే నంబర్ అయ్యే చోటు ఒకటుంది. అది కాగితం. మాటల్లో “ఐ యామ్ అవైలబుల్ ట్వంటీఫోర్ సెవెన్” అంటే మర్యాదకి అన్నట్టు. అదే ఆఫర్ లెటర్లో “24/7 రొటేషనల్ షిఫ్ట్స్” అని ఉంటే, అక్షరాలా ఇరవై నాలుగు గంటలు, వారానికి ఏడు రోజులు. నైట్ షిఫ్ట్ మీకూ పడుతుంది, ఆదివారం కూడా పడుతుంది. సంతకం పెట్టే ముందు క్యాబ్ ఉందా, వీక్లీ ఆఫ్ ఎప్పుడు అని అడగండి. నోట్లో స్ట్రింగ్, కాగితం మీద ఇంటీజర్. గుర్తుంటుందిగా?

చివరగా మూడు విషయాలు. ఒకటి, నంబర్ వినగానే లెక్క వెయ్యకండి, ముందూ వెనకా మాట వినండి. రెండు, ఇడియంలో నంబర్ మార్చకండి. మూడు, అనుమానం వస్తే “సారీ, వాట్ డు యు మీన్ బై దట్?” అని అక్కడికక్కడే అడిగేయండి. అడిగితే పోయేది ఐదు సెకన్లు. అడక్కపోతే చెయ్యాల్సిన పని ఒకటి, చేసేది ఇంకోటి అవుతుంది.

ఇప్పుడు మీ వంతు. “ఐ జస్ట్ వాంట్ ఫార్టీ వింక్స్” అని బస్సులో మీ పక్కాయన అంటే, ఆయనకేం కావాలి? కామెంట్లో తెలుగులోనే రాయండి. క్లూ కూడా ఇస్తాను. నర్సీపట్నం కాంప్లెక్స్‌లో వైజాగ్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, అనకాపల్లి వచ్చేలోపు మనందరం చేసే పని అదే. ఉంటాను, బై.